రండి, తాడు పట్టండి

గోనెగండ్ల తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

హంద్రి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లు మీరు. సరుకులకు ఎమ్మిగనూరు, రైలుకు ఆదోని, పనికి బెంగుళూరు. మీ దారులన్నీ నేల మీదివే. అలాంటి మీతో ఈవేళ ఓడల గురించి మాట్లాడదలిచాను. నవ్వకండి. ఉప్పు నీళ్లు చూడాలంటే ఇక్కడి నుంచి ఒక రాత్రి ప్రయాణమని నాకూ తెలుసు. అయినా చెబుతాను. చెక్కతో కట్టిన పాతకాలపు తెరచాప ఓడలను, పైసా కూలి తీసుకోకుండా, ఇష్టంతో వచ్చి బాగుచేసి, తామే సముద్రం మీదికి నడిపించుకుపోయే మామూలు మనుషులున్నారు. వాళ్లు చేసే పనేమిటో మీకు చూపించాలి. చూపించి ఊరుకోను. మీరూ అలాంటి జట్టు ఒకటి కట్టండని అడుగుతాను.

కరువు సీమకు ఓడతో ఏం పని అంటారా? ఆదోని మార్కెట్ యార్డుకు పోయి పత్తి కుప్పల ముందు నిలబడి ఈ మాట అనండి చూద్దాం. 1851లో ఒక చెక్క ఓడ అట్లాంటిక్ దాటి ఇంగ్లండు పోయింది. దాని పేరు ‘అమెరికా’. రెండు తెరచాప కొయ్యలు, ముందు నుంచి వెనక్కి ఓడ పొడవునా వరుసగా తెరచాపలు. ఈ రకం ఓడను స్కూనర్ అంటారు. ఆగస్టు 22న వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో అది ఇంగ్లిషువాళ్ల పడవలన్నిటినీ వెనకేసి గెలిచింది. ఇంగ్లిషువాళ్ల తెరచాపలు అవిసె నారతో నేసినవి. గాలి పట్టగానే ఉబ్బి వదులయ్యేవి. ‘అమెరికా’ తెరచాపలు దట్టంగా నేసిన పత్తి గుడ్డవి. గాలిలో చదునుగా, బిగుతుగా నిలిచాయి. ఓడ అడుగు మలిచిన తీరూ గెలుపులో పాలు పంచుకుంది, కాదనను. కానీ ఆ రోజు నుంచి పందెపు పడవలవాళ్ల చూపు పత్తి మీద పడింది. పత్తి పండించే ఊరు, మగ్గం నేసే ఊరు పక్కపక్కనే పెట్టుకొని, ఓడకూ మనకూ ఏం సంబంధమని అడిగే హక్కు మీకు లేదు.

ఇంకొక మాట. తెలుగువాడికి సముద్రం కొత్త కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెం మీద అచ్చు వేయించుకున్నది రెండు కొయ్యల ఓడను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే కాలంలో, సుంకం తప్ప మరేమీ ముట్టుకోనని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి నావికులకు అభయమిచ్చాడు. 1614లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లిషు ఓడకు మరమ్మతు కావలసివస్తే మన నరసాపురం వడ్రంగుల చేతికే వచ్చింది. కోరంగి రేవులో పెద్ద ఓడలు కట్టేవాళ్లు, పాతవాటిని బాగుచేసేవాళ్లు. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో మరొక ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేశాయి. మిగిలిన రేవును గోదావరి ఒండ్రు పూడ్చేసింది.

ఇదంతా కోస్తా సంగతి కదా అంటారేమో. కర్నూలు–కడప కాలువ తెలుసు కదా? 1863లో మొదలుపెట్టి 1870 నాటికి పూర్తిచేసిన ఆ కాలువను సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి తీశారు. పైరుకు నీళ్లివ్వడం ఒక పని అయితే, పడవలు నడవడం రెండో పని. మన జిల్లాలో కాలువ మీద సరుకు పడవలు నడిచిన రోజులున్నాయి. అంతకన్నా వెనక్కి పోతే, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్ తుంగభద్ర మీద తిరిగే గుండ్రటి పడవలను చూసి రాసిపెట్టాడు. అల్లిన బుట్టకు తోలు కప్పిన పడవలు. పదిహేను ఇరవై మందిని, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటించేవట. ఆ పడవ ఏదో మీకు చెప్పక్కర్లేదు. మంత్రాలయం దిక్కు నదిలో మీరు చూసే పుట్టి అదే. తోలు పోయి పట్టా వచ్చింది, అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చెక్క ఓడ గురించి మీరు ముందు తెలుసుకోవలసింది ఒకటుంది: దాన్ని కట్టడం సగం పనే. బతికించడం అంతకన్నా పెద్ద పని, ఎన్నడూ పూర్తికాని పని. అమెరికా పడమటి ఒడ్డున, ఒకే నీళ్లలో ఉన్న రెండు స్కూనర్ల కథ చెబితే మీకే అర్థమవుతుంది.

మొదటిది ‘వావోనా’. 1897లో కాలిఫోర్నియాలో కట్టారు. మూడు కొయ్యలు, 165 అడుగుల పొడవు. మొదట కలప మోసింది. తర్వాత ఏళ్ల తరబడి బేరింగ్ సముద్రంలో చేపల వేటకు పోయింది. 1947తో దాని కొలువు ముగిసింది. 1964లో సియాటిల్ నగర పౌరులు పూనుకొని కొని నిలబెట్టారు. 1970లో దేశపు చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కింది. పేరుంది, గుర్తింపుంది, ప్రేమించిన మనుషులున్నారు. పాపం, వాళ్లు చేతనైనంత చేశారు కూడా. కానీ ఓడ ఒడ్డుకు కట్టేసే ఉండిపోయింది. పెద్ద మరమ్మతుకు కావలసిన డబ్బు సమకూరలేదు. వాన నీళ్లు లోపలికి దిగాయి. 2009లో దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశారు.

రెండోది ‘అడ్వెంచరెస్’. 1913లో మెయిన్ రాష్ట్రంలో కట్టిన రెండు కొయ్యల స్కూనర్. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేట కోసం ఒక సంపన్నుడు కట్టించుకున్నాడు. మరుసటి ఏడాదే అమ్మేశాడు. 1952 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో రేవు బయట, పెద్ద ఓడలకు దారి చూపే పైలట్లను మోసింది. ఇప్పుడు పోర్ట్ టౌన్‌సెండ్ అనే చిన్న ఊరిని నమ్ముకొని, ఒక స్వచ్ఛంద సంస్థ చేతిలో బతుకుతోంది. ఎండాకాలంలో బడిపిల్లలను ఎక్కించుకొని సముద్రం మీద తిరుగుతుంది. చలికాలంలో టార్పాలిన్ పట్టాల కింద ఉండి మరమ్మతు చేయించుకుంటుంది. ఆ మరమ్మతుకు వచ్చేవాళ్లలో టీచర్లున్నారు, విశ్రాంత ఉద్యోగులున్నారు, మీ వయసు పిల్లలున్నారు. 2013లో నూరేళ్లు నిండాయి. ఆ పండుగ సందర్భంగా ఓడ అడుగు భాగాన్ని ఏడాదికి కొంత చొప్పున విప్పి, కొత్త కలప వేసి నిలబెట్టారు. ఈనాటికీ తెరచాప ఎత్తుతోంది.

నీళ్లు అవే. వాన అదే. ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. డబ్బు తేడా ఉంది, అదృష్టం తేడా కూడా ఉంది. కానీ పెద్ద తేడా ఒకటి: కదిలే ఓడ మీద రోజూ చేతులు పడతాయి. కట్టేసిన ఓడ మీద చూపులు మాత్రమే పడతాయి. చూపులతో ఏ చెక్కా నిలవదు.

ఆ చేతులు చేసే పనేమిటో దగ్గరగా చూడండి. చెక్క ఓడకు పగవాడు సముద్రం అనుకుంటాం. కానీ సముద్రపు ఉప్పు చెక్కను కాపాడుతుంది. పుచ్చు పట్టించేది పై నుంచి పడే మంచినీళ్లు. అందుకే పాతకాలం ఓడవాళ్లు పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాళ్ల ఉప్పు నింపేవాళ్లు. ఈనాటికీ జట్టు పొద్దున్నే చేసే మొదటి పని, సముద్రపు నీళ్లు తోడి డెక్కు కడగడం. శుభ్రం ఒక్కటే దీని ఉద్దేశం కాదు. డెక్కు పలకలు ఎండితే కుంచించుకుపోయి సందులిస్తాయి. తడిగా ఉంటే ఉబ్బి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. నీటి అడుగున మాత్రం వేరే గండం ఉంది. చెక్కను తొలిచే ఓడపురుగు. దాన్ని ఆపడానికి ఓడను ఏటా ఒడ్డుకు లాగి, నాచు గీకి, మందు రంగు పూయాల్సిందే. చేతిలో చిన్న సుత్తి పట్టుకొని ఓడ పొడవునా తట్టుకుంటూ పోయేవాడొకడు ఉంటాడు. గట్టి చెక్క ఖణేలుమంటుంది. పుచ్చిన చోట దెబ్బ చప్పగా వినిపిస్తుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాడు. ఆ గుర్తే ఆ శీతాకాలం జట్టుకు పని.

ఇక పలకల మధ్య సందులు మూయడం. ముందు పాత లప్పం, పాత దూది కొక్కెంతో గీకి తీయాలి. తర్వాత దూదిని సన్నటి పోగుగా పేని, మొద్దు అంచు ఉన్న ఉలితో సందులోకి మడతలు మడతలుగా దూర్చి, కొయ్య సుత్తితో కొట్టాలి. అవును, దూదే! మీ చేలో పండే పత్తే సముద్రాన్ని ఓడలోకి రాకుండా ఆపేది. దాని మీద తారు పట్టించిన నార, ఆ పైన లప్పం. మరీ గట్టిగా కొడితే దూది అవతలికి దూసుకుపోతుంది. మెత్తగా కొడితే నీళ్లు కారుతాయి. ఎంత కొట్టాలో ఏ పుస్తకమూ చెప్పదు, చెవి చెప్పాలి. సందు నిండేదాకా దెబ్బ మొద్దుగా ఉంటుంది. నిండగానే సుత్తి మోగుతుంది. వేల అడుగుల సందు. ఒక్కో అడుగూ ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చొని చేసింది. ఓడ మళ్లీ నీళ్లలో దిగాక పలకలు నీళ్లు తాగి ఉబ్బి ఆ దూదిని నొక్కిపెడతాయి. అప్పుడు పనివాడి చేయి మంచిదో కాదో సముద్రమే తేలుస్తుంది. సిఫారసు నడవదు, మార్కులు కలపడం నడవదు.

ఇది ఒంటరి పని. జట్టు పని చూడాలంటే తెరచాప ఎత్తేటప్పుడు చూడాలి. స్కూనర్ తెరచాప పై అంచుకు ఒక దూలం కట్టి ఉంటుంది. దాన్ని లేపడానికి రెండు తాళ్లు. ఒకటి కొయ్య వైపు, రెండోది బయటి కొస వైపు. ఒక్కో తాడుకు ఒక్కో జట్టు. రెండు జట్లూ ఒకే ఊపుతో లాగితేనే దూలం సమంగా పైకి లేస్తుంది. బలంగా ఉన్నామని ఒక జట్టు తొందరపడిందా, దూలం వాలి కొయ్యకు బిగుసుకుంటుంది. తెరచాప పైకీ పోదు, కిందికీ రాదు. అందుకని ఒకరు పైకి చూస్తూ కేక వేస్తారు. ఈ జట్టు ఆగాలి, ఆ జట్టు లాగాలి. ఎమ్మిగనూరు జాతరలో నీలకంఠేశ్వరుడి తేరు లాగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? తేరు తాడు పట్టినప్పుడు ఎవడు డాక్టరు, ఎవడు హమాలీ అని అడగరు. ఎవడి అడుగు తప్పిందో మాత్రం అందరికీ తెలుస్తుంది. ఓడ మీదా అంతే. ఒక తేడా ఉంది: తేరు ఏడాదికొకసారి కదులుతుంది, ఓడ తాడు రోజూ పట్టాలి.

ఇప్పుడు మీలో కొందరి మనసులో మాట నాకు వినబడుతోంది. “అన్నా, మేం సుగ్గికి పోయే ఊళ్లోవాళ్లం. మిరపకోతకు గుంటూరు దిక్కు బస్సెక్కితే తప్ప ఏడాది గడవనిది మాకు. కూలి లేని పని ఎవరు చేస్తారు?” ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని దాటేసి ఉద్బోధలు చేసేవాళ్లను నమ్మకండి. నేను మీ కూలి రోజు అడగడం లేదు. పొట్ట నింపుకోవడం మొదటి ధర్మం. నేనడిగేది మీ ఫోన్ తింటున్న సాయంత్రాలను, మీ ఆదివారం పూటను. ఇంకొక షరతు కూడా పెట్టుకోండి: ఎవరో లాభపడే పనికి ఉచితంగా వంగొద్దు. నలుగురిదైన పనికి మాత్రమే వంగండి. స్వచ్ఛంద జట్టుకూ వెట్టికీ తేడా ఇదే. వెట్టివాడికి ఓడలో వాటా లేదు. జట్టువాడు లంగరు ఎత్తే రోజు ఓడ మీదే ఉంటాడు.

పైగా మిగిలేది ఏమీ లేదనుకోకండి. రంపం, బాడిసె పట్టడం వస్తుంది. ముడులు వస్తాయి. గుడ్డ కుట్టడం, ఇంజను విప్పి బిగించడం, గాలినీ మబ్బునీ చదవడం వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, రాత్రి కాపలా నీ వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లు నీ మీద నమ్మకంతో నిద్రపోతారు. ఆ నమ్మకం రుచి ఒకసారి తెలిసినవాడు మళ్లీ మనిషిగా చిన్నవాడు కాలేడు.

చేతులు కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. విడివిడిగా ఉన్న మగ్గాలు ఒక్క సంఘమయ్యాయి. ఎమ్మిగనూరు దుప్పటి దేశం చూసింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కరువు సీమలో పుట్టిన పని అది. నీళ్లు లేని చోట మనుషులే నీళ్లు కావాలని ఆ తరం తెలుసుకుంది. మన తరం మరిచింది.

సముద్రానికి దూరంగా పుట్టినవాళ్లు సముద్రం దాటలేరన్న మాట కూడా ఈ పూటతో వదిలేయండి. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు భారత నౌకాదళ అధికారిణులు ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. అందరూ కోరి ముందుకొచ్చినవాళ్లే. వాళ్లలో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. స్వాతి రేవు ఊరి పిల్ల, సరే. హైదరాబాదుకు సముద్రం ఎక్కడిది? భూగోళం చుట్టి, కేప్ హార్న్ దాటి, 254 రోజులకు, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. దారిలో చుక్కాని పనిముట్టు మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకొని మళ్లీ కదిలారు. వంట, కాపలా, తెరచాప, మరమ్మతు అన్నీ వాళ్లే. అదే హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో పేద ఇళ్ల పిల్లలు తెరచాప పడవలు నేర్చి జాతీయ పోటీల్లో పతకాలు తెస్తున్నారు. చెరువు చాలింది వాళ్లకు. మీకు గాజులదిన్నె జలాశయం చాలదా?

పాత విద్య పోయిందని ఏడ్చేవాళ్లకు ఇంకొక సంగతి. మేకు లేకుండా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి ఓడ కట్టే విద్య మన దేశంలో దాదాపు అడుగంటింది. అజంతా గుహలో గీసిన ఒక ఓడ బొమ్మను ఆధారం చేసుకొని, కేరళకు చెందిన బాబు శంకరన్ నాయకత్వంలో చేతిపనివాళ్లు గోవాలో అలాంటి ఓడను మళ్లీ కుట్టారు. 2025 మే నెలలో నౌకాదళం దానికి ‘కౌండిన్య’ అని పేరు పెట్టి తనలో చేర్చుకుంది. ఆ డిసెంబరు 29న అది పోర్‌బందర్‌లో తెరచాప ఎత్తింది. 2026 జనవరి 14న మస్కట్ చేరింది. ఇంజను లేదు, గాలి ఉంది. నకలు తీసుకోవడానికి పాత ఓడ లేదు, గోడ మీద బొమ్మ ఉంది. ఆ మాత్రం ఆధారంతో వాళ్లు సముద్రం దాటారు. మీకు బొమ్మతో పని లేదు. పుట్టి అల్లే చేతులు తుంగభద్ర ఒడ్డున ఇంకా ఉన్నాయి.

ఇక చేయవలసింది చెబుతాను.

ముందు ఈత నేర్చుకోండి. ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ. తెలిసినవాళ్ల దగ్గర, లైఫ్ జాకెట్ వేసుకొని, లోతు తెలిసిన చోట. ఏటా ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, కుంటల్లో, రిజర్వాయర్లలో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. సెల్ఫీ కోసం నీళ్లలోకి దిగేవాడు వీరుడు కాడు. నీళ్ల ముందు వినయం లేనివాడికి ఏ ఓడలోనూ చోటు లేదు.

రెండోది, పన్నెండు మంది జట్టు కట్టండి. తుంగభద్ర ఒడ్డుకు పోయి, పుట్టి కట్టే పెద్దల దగ్గర కూర్చోండి. చేతులు కట్టుకొని ‘పెద్దాయనా, మాకు నేర్పు’ అని అడగండి. వాళ్ల పనికి తగిన డబ్బు చేతిలో పెట్టండి. గురువు కడుపు మాడ్చి విద్య అడగొద్దు. వెదురు ఎప్పుడు కొట్టాలి, ఎంత పలచగా చీల్చాలి, అల్లిక ఎక్కడ మొదలుపెట్టాలి, పట్టా ఎలా బిగించాలి, తారు ఎంత వేడి మీద పూయాలి, ఇవన్నీ రాసుకోండి, ఫోటోలు తీయండి, చేతులతో చేయండి. పుట్టికి ముందూ వెనకా లేదు. తెడ్డు పక్క నుంచి వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ముందుకు చాచి తన వైపు లాక్కోవాలి. ఆ ఒక్క కిటుకు చేతికి రావడానికి మీ పొగరు కొంత దిగాలి. మంచిదే.

మూడోది, ఒక పుస్తకం పెట్టండి. ఓడల మీద దినచర్య పుస్తకం ఉంటుంది. ఏ తేదీన గాలి ఎటు వీచింది, ఏం విరిగింది, ఎవరు బాగుచేశారు అన్నీ అందులో ఉంటాయి. మీ పుట్టికీ అలాంటిది ఉండాలి. ఏడాదికొకసారి బోర్లించి ఆరబెట్టి తారు పూసిన తేదీ ఉండాలి. పని ఎగ్గొట్టినవాడి పేరూ ఉండాలి. ఉత్సాహం ఆరు వారాల్లో చల్లారుతుంది, పుస్తకం చల్లారదు.

నాలుగోది, గాజులదిన్నె నీళ్ల మీదికి పోవాలంటే అధికారుల అనుమతి తీసుకోండి. దొంగతనంగా పోవద్దు. మన కర్నూలు గడ్డ మీద పుట్టి ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న జలాశయం అది. ఆ పేరుకు తగ్గట్టు తలెత్తుకొని, అర్జీ పెట్టి, రక్షణ ఏర్పాట్లు చూపించి అడగండి. మొదటిసారి కాదంటారు. మళ్లీ అడగండి.

ఐదోది, మీలో ఒకరిద్దరు ఇంకా దూరం పోవాలి. ఎన్‌సీసీ నౌకా విభాగం ఉంది, నౌకాదళం ఉంది, వాణిజ్య నౌకల కొలువులున్నాయి. కోరంగి పక్కనే తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగుల విద్య ఉంది. పోయి నేర్చుకొని, సెలవుల్లో తిరిగొచ్చి, మిగతావాళ్లకు నేర్పండి.

ఇదంతా సరదా కోసమా అంటే సరదా కూడా అవసరమే. కానీ 2009 అక్టోబరు మొదటి వారం మరిచిపోయారా? మీరు అప్పటికి పసివాళ్లు. ఇంట్లో అడగండి. కరువు సీమ అన్న పేరు పెట్టుకున్న నేలను తుంగభద్ర ముంచెత్తింది. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది. నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఆ రోజుల్లో నీళ్ల మీద మనిషిని దాటించగలిగినవాడే దేవుడు. నీళ్లు మన ఊరికి చెప్పి రావు. వచ్చిన రోజు తెడ్డు పట్టగల చేతులు, ముడి వేయగల చేతులు, ఒక కేకకు ఒక్కటిగా కదిలే పన్నెండు మంది ఊళ్లో ఉన్నారా లేరా అన్నదే లెక్క. ఆ విద్య వరద రోజున నేర్చుకునేది కాదు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. ఓడకు చెప్పిన న్యాయమే మీ ఊళ్లోని ప్రతి ఉమ్మడి వస్తువుకూ వర్తిస్తుంది. పూడిపోతున్న బావి, తలుపులు ఊడిన గ్రంథాలయం, ముళ్లకంప కమ్మిన చెరువు గట్టు, ఏడాదంతా ఎండకు ఎండి వానకు తడిసే తేరు. వీటిలో ఏదీ ఒక్కరోజులో పడిపోలేదు. సుత్తితో తట్టి చూసేవాడు లేక, సుద్దతో గుర్తు పెట్టేవాడు లేక, ఆ గుర్తు చూసి పనిలోకి దిగే జట్టు లేక పడిపోయింది. ప్రభుత్వం చేయాలి, నిజమే; చేయించుకోండి, అడగండి, నిలదీయండి. కానీ నిలదీసేవాడి చేతికి కూడా కాస్త తారు అంటి ఉంటే ఆ మాటకు బరువు వేరు.

మీ ముందు తరం మీకు కరువు కథలు చాలా చెప్పింది. మీ తర్వాతి తరానికి మీరు ఏం చెబుతారో మీ చేతుల్లో ఉంది. పిలుపు ఎక్కడి నుంచో వస్తుందని చూడకండి, నాయకుడు దొరకాలని ఆగకండి. పన్నెండు పేర్లు రాయండి. మొదటి పేరు మీదే రాసుకోండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.